కళాశాల జట్లలో క్రమశిక్షణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

కళాశాల జట్టుకు ఆడే విద్యార్థి తప్పు చేస్తే ఆ తప్పును రెండు రకాలుగా చూడటం చాలా దేశాల్లో ఉంది. విద్యార్థిగా అతడు అందరిలాంటివాడే. హాస్టల్లో జూనియర్‌ను కొట్టినా, తోటి విద్యార్థినిని వేధించినా మిగతావాళ్లకు వర్తించే నియమమే అతడికీ వర్తించాలి. ఆటగాడిగా మాత్రం అతడు వచ్చే వారం సెమీఫైనల్‌కు కావలసినవాడు. ఈ అవసరం ఆ నియమాన్ని ఎప్పుడు పక్కకు నెడుతుంది, అలా నెట్టకుండా సంస్థలు ఏం చేశాయి, ఎక్కడ విఫలమయ్యాయి అన్నది ఈ వ్యాస విషయం. అమెరికాలో దీని చరిత్ర అక్కడి కళాశాల ఫుట్‌బాల్ చుట్టూ అల్లుకుంది; అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. తెలంగాణలో ఫుట్‌బాల్ మొదటినుంచీ హైదరాబాద్ ఆట. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచిన భారత జట్లలో ఆ నగరపు ఆటగాళ్లూ ఉన్నారు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కళాశాలల్లో ఎక్కువగా ఆడేది కబడ్డీ, వాలీబాల్, ఖోఖో. ఆట మారినా చిక్కు మాత్రం అదే.

మూడు జిల్లాలు, ఒక విశ్వవిద్యాలయం

2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ మూడు జిల్లాలూ ప్రధానంగా ఉమ్మడి వరంగల్ నుంచి ఏర్పడ్డాయి. పరిపాలన విడిపోయినా డిగ్రీ చదువులకు పెద్ద దిక్కు ఇప్పటికీ 1976 ఆగస్టు 19న ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమే. జనగామలోని ఏబీవీ ప్రభుత్వ డిగ్రీ కళాశాల, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు దాని పరిధిలోనివే. కళాశాల జట్టు మొదట అంతర్ కళాశాలల పోటీల్లో ఆడుతుంది. అక్కడ మెరిసినవాళ్లు విశ్వవిద్యాలయ జట్టు సెలక్షన్స్‌కు వెళ్తారు. ఆ జట్టు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే దక్షిణ మండల పోటీలకు, గెలిస్తే అఖిల భారత పోటీలకు చేరుతుంది. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన ఈ సంఘం దేశంలో విశ్వవిద్యాలయ క్రీడలకు నియమాలు రాసే సంస్థ. ఇంటర్మీడియట్ పిల్లల దారి వేరు. వాళ్లు ఇంటర్ బోర్డు కింద చదువుతూ పాఠశాల క్రీడా సమాఖ్య అండర్-19 విభాగంలో ఆడతారు.

ఈ ప్రాంతపు భౌగోళిక స్థితికీ క్రమశిక్షణకూ సంబంధం ఉంది. జనగామ కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం మీద ఉంది, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గం మీద ఉంది. బొగ్గు గనుల పట్టణమైన భూపాలపల్లికి రైలే లేదు. విశ్వవిద్యాలయం ఉన్న హనుమకొండలో ఉదయం పోటీ ఉంటే దూరపు జట్లు ముందురోజు సాయంత్రమే బస్సెక్కాలి, రాత్రి ఏదో హాస్టల్లోనో తరగతి గదిలోనో పడుకోవాలి. పర్యవేక్షణ అన్నిటికంటే పలచబడేది ఆ రాత్రే. పదిహేను మంది కుర్రవాళ్లు, ఒక పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్. తాగుడు, కొట్లాట, జూనియర్లను ఏడిపించడం, ఎదుటి జట్టు బసకు వెళ్లి గొడవ పడటం వంటివి ఇలాంటి రాత్రుల్లోనే మొదలవుతాయి. కాబట్టి క్రమశిక్షణ నియమావళి అని రాసుకునే ఏ కాగితంలోనైనా ప్రయాణం, బస గురించి మొదటి పేజీలోనే ఉండాలి.

మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే పిల్లవాడికి జట్టులో చోటంటే ఒక గుర్తింపు, ఒక సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ మీద ఒక ఉద్యోగం ఆశ. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. అతడిని శిక్షించే ముందు వందసార్లు ఆలోచించడానికి ఇదొక కారణం. అతడి చేతిలో దెబ్బతిన్న పిల్లవాడు కూడా చాలాసార్లు అలాంటి తండా నుంచే వచ్చి ఉంటాడని మరచిపోవడానికి మాత్రం ఇది కారణం కాకూడదు.

మైదానం లోపల

ఆటలో జరిగే తప్పుకు ఆటే తీర్పు చెబుతుంది. ఫుట్‌బాల్‌లో 1970 ప్రపంచ కప్ నుంచి వాడుకలోకి వచ్చిన పసుపు, ఎరుపు కార్డులు ఇప్పుడు మన ఆటల్లోనూ ఉన్నాయి. కబడ్డీలో ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపు చూపితే ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎరుపు చూపితే ఆ మ్యాచ్‌లో అతడి ఆట ముగిసినట్టే. వాలీబాల్‌లో ఒక్క ఎర్ర కార్డుకే ఎదుటి జట్టుకు పాయింటు, సర్వీసు వెళ్లిపోతాయి. రెండు కార్డులూ ఒకే చేత్తో చూపితే ఆటగాడు ఆ సెట్ నుంచి, విడివిడిగా రెండు చేతుల్లో చూపితే మొత్తం మ్యాచ్ నుంచి బయటికి పోవాలి.

ఈ ఏర్పాటులో శిక్ష ఏమిటో ముందే అందరికీ తెలుసు, శిక్ష వేసే రిఫరీకి ఏ జట్టు గెలుపూ అక్కరలేదు, నిర్ణయం అప్పటికప్పుడే జరిగిపోతుంది. మైదానం దాటి హాస్టల్ గేటు లోపలికి అడుగు పెట్టగానే ఈ మూడూ మాయమవుతాయి. శిక్ష ఏమిటో ఎవరికీ తెలియదు. తేల్చవలసిన మనిషికి ఆ ఆటగాడు కావాలి. నిర్ణయం రేపు, ఎల్లుండి అంటూ టోర్నమెంట్ అయిపోయేదాకా సాగుతుంది.

పీడీ, ప్రిన్సిపాల్, పెద్దమనుషులు

మన కళాశాలల్లో ఆటగాడి మీద ఫిర్యాదు మొదట చేరేది పీడీ దగ్గరికే. ఆయనే జట్టును ఎంపిక చేస్తాడు, తీర్చిదిద్దుతాడు, చాలాసార్లు సొంత జేబులోంచి అరటిపండ్లు, గుడ్లు కొనిస్తాడు. ఆ పిల్లల మీద ఆయన ప్రేమను అనుమానించనక్కరలేదు. ఆ ప్రేమ వల్లే ఆయన న్యాయనిర్ణేత స్థానంలో కూర్చోకూడదు. ‘మైదానం నుంచి తీసేస్తే పూర్తిగా చెడిపోతాడు సార్’ అనే మాట నిజాయితీగానే వస్తుంది, అందులో కొంత నిజమూ ఉంటుంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎదురుగా ఉండేది తప్పు చేసిన కుర్రవాడే. దెబ్బతిన్నవాడు ఆ గదిలో ఉండడు.

పీడీ తేల్చలేనిది ప్రిన్సిపాల్ దగ్గరికి, అక్కడినుంచి తరచు ఊరి పెద్దమనుషుల దగ్గరికి వెళ్తుంది. తల్లిదండ్రులు వస్తారు, కుల పెద్ద వస్తాడు, ఎవరో ఒక నాయకుడి నుంచి ఫోన్ వస్తుంది. క్షమాపణ పత్రం రాయించి, చేతులు కలిపించి పంపేస్తారు. చిన్న గొడవలకు ఈ పద్ధతి మంచిదే. పోలీస్ స్టేషన్ కంటే వంద రెట్లు మేలు. లైంగిక వేధింపు, ర్యాగింగ్, ఎముకలు విరిగేలా కొట్టడం లాంటి వాటిని మాత్రం పెద్దమనుషుల రాజీతో సరిపెట్టకూడదు. ఇక రెండో కొసన ఉన్నది టీసీ చేతిలో పెట్టి పంపేయడం. అలా పంపినప్పుడు తప్పు కాగితం మీదికి ఎక్కదు. ఆ కుర్రవాడు పక్క జిల్లా కళాశాలలో చేరి మళ్లీ ఆడతాడు, అక్కడివాళ్లకు ఏమీ తెలియదు. ఏమీ జరగనట్టు వదిలేయడానికీ చదువు తెగేలా పంపేయడానికీ మధ్యలో చేయగలిగినవి చాలా ఉన్నాయి. అవి చట్టంలోనూ విశ్వవిద్యాలయ నియమాల్లోనూ స్పష్టంగా రాసి ఉన్నాయి.

చట్టం చెప్పేది

ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలో నేటికీ అమల్లో ఉంది. అందులో శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏడిపించడం, అవమానించడం వంటి వాటికి ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా. కొట్టినా, బెదిరించినా ఏడాది వరకు. అడ్డగించి కదలనివ్వకపోతే రెండేళ్ల వరకు. తీవ్రంగా గాయపరిచినా, అపహరించినా, అత్యాచారం చేసినా అయిదేళ్ల వరకు. బాధితుడు చనిపోయినా, ఆత్మహత్యకు పాల్పడినా పదేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. ఫిర్యాదు అందగానే ప్రాథమికంగా నిజమని తోస్తే విద్యార్థిని సస్పెండ్ చేసే అధికారం సంస్థ అధిపతికి ఉంది. ఈ చట్టంలో కళాశాలలు ఎక్కువగా మరచిపోయే భాగం ఒకటుంది. చర్య తీసుకోవలసిన అధిపతి తీసుకోకుండా ఊరుకుంటే అతడు ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. స్టార్ రైడర్‌ను కాపాడాలని ఫిర్యాదును సొరుగులో పెట్టిన ప్రిన్సిపాల్ ఆ క్షణం నుంచి తానే నిందితుడి పక్కన నిలబడతాడు.

2009లో హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా జిల్లా టాండాలోని వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, ర్యాగింగ్‌పై దేశమంతటికీ వర్తించే నిబంధనలు తెచ్చింది. ఏటా విద్యార్థీ తల్లిదండ్రులూ ఇచ్చే అఫిడవిట్, 1800-180-5522 హెల్ప్‌లైన్ అక్కడినుంచే వచ్చాయి. నేరం జరిగినట్టు తెలిసిన 24 గంటల్లో పోలీసులకు ఫిర్యాదు చేయాలనే నిబంధన కూడా అందులోదే. శిక్షల పట్టికలో తరగతుల నుంచి సస్పెన్షన్, స్కాలర్‌షిప్ ఆపడం, పరీక్ష రాయనివ్వకపోవడం, హాస్టల్ నుంచి పంపడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు రస్టికేషన్, చివరగా బహిష్కరణ ఉన్నాయి. వీటి మధ్యలోనే, సంస్థ తరఫున ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో గానీ యువజనోత్సవాల్లో గానీ పాల్గొనకుండా నిలిపివేయడం అనే శిక్షా ఉంది. క్రీడాకారుల విషయంలో కళాశాలలు మొదట చూడవలసింది దీన్నే. చదువు తెగదు, హాస్టల్ పోదు, తిండి పోదు. పోయేది ఆట ఒక్కటే, అతడికి అన్నిటికంటే విలువైనదీ అదే. అందుకే ఈ శిక్ష పనిచేస్తుంది, అందుకే దీన్ని వేయడానికి వెనకాడతారు కూడా.

తప్పు చేసినవాళ్లు ఎవరో తేలనప్పుడు సామూహిక శిక్ష వేయవచ్చని కూడా ఆ నిబంధనలు అంటాయి. 2023 డిసెంబర్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం మహిళా హాస్టల్లో జూనియర్లను వేధించారని 81 మంది విద్యార్థినులను వారం రోజులు సస్పెండ్ చేసింది. ర్యాగింగ్ ఆటగాళ్లకో మగపిల్లలకో పరిమితం కాదని ఆ సంఘటన చూపింది. జట్ల విషయంలో సామూహిక శిక్ష కత్తికి రెండు వైపులా పదునే. జట్టు మొత్తాన్ని పోటీ నుంచి తప్పిస్తే తోటివాళ్లు నిజం చెప్పే అవకాశం పెరుగుతుంది. అదే సమయంలో, ఫిర్యాదు చేసిన జూనియర్ మీద పదిహేను మంది కోపం కుప్పపడుతుంది. అందువల్ల ఈ మార్గం పట్టిన కళాశాల ఆ జూనియర్‌కు గది మార్చడం, తోడు ఏర్పాటు చేయడం లాంటివి ముందే చూసుకోవాలి.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టానికి తోడు విద్యార్థులనూ కలుపుతూ యూజీసీ 2015 నిబంధనలు ఉన్నాయి. ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సాధారణంగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. తప్పు తేలిన విద్యార్థికి ప్రవేశ నిషేధం నుంచి బహిష్కరణ దాకా శిక్షలున్నాయి. తప్పనిసరి కౌన్సెలింగ్, సమాజసేవ వంటి సంస్కరణ శిక్షలూ ఉన్నాయి. బాధితురాలు గానీ నిందితుడు గానీ 18 ఏళ్లలోపు వాళ్లయితే దారి వేరు. ఇంటర్ కళాశాలలకు ఇది ముఖ్యం. బాధితురాలు మైనర్ అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. నిందితుడు మైనర్ అయితే 2015 బాల న్యాయ చట్టం కింద విచారణ జరుగుతుంది. పీడీకి ఇక్కడ సొంత నిర్ణయానికి తావే లేదు.

విచారణ ఎలా జరగాలి

కోపంతో వేసే శిక్ష కోర్టులో నిలవదు. దీనికి తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఉదాహరణ మొహమ్మద్ అజారుద్దీన్ కేసు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై క్రికెట్ బోర్డు 2000 డిసెంబర్‌లో ఆయనపై జీవితకాల నిషేధం వేసింది. పన్నెండేళ్ల తర్వాత, 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టబద్ధం కాదని కొట్టివేసింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఇక ఆట ఎక్కడిది!

అలాగని విద్యాసంస్థలో విచారణ అంటే కోర్టు గది కానక్కరలేదు. 1973లో సుప్రీంకోర్టు తేల్చిన హీరానాథ్ మిశ్రా కేసు ప్రతి ప్రిన్సిపాల్ చదవవలసింది. రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాలలో కొందరు విద్యార్థులు రాత్రిపూట బాలికల హాస్టల్ ఆవరణలోకి దూరి అసభ్యంగా ప్రవర్తించారు. బాలికలు ఫిర్యాదు చేశారు. ముగ్గురు అధ్యాపకుల కమిటీ బాలికల వాంగ్మూలాలను నిందితులు లేనప్పుడు తీసుకుంది, ఫొటోలు చూపి గుర్తుపట్టించింది, నిందితులకు ఆరోపణలు చెప్పి జవాబు రాయించుకుంది. రెండేళ్లు బహిష్కరణ పడింది. మమ్మల్ని బాలికలను ఎదురుగా ప్రశ్నించనివ్వలేదు అని నిందితులు కోర్టుకెక్కారు. సహజ న్యాయం అన్ని చోట్లా ఒకే అచ్చులో ఉండదని, ఆ బాలికలను వాళ్ల ఎదుట నిలబెడితే తర్వాత వాళ్లకు రక్షణ ఎవరివ్వగలరని కోర్టు శిక్షను సమర్థించింది. ఆరోపణ ఏమిటో చెప్పడం, జవాబు ఇచ్చే అవకాశమివ్వడం, ఏ పక్షమూ కాని ముగ్గురు కూర్చోవడం, అన్నీ కాగితం మీద ఉండటం. ఇంతే కావలసింది. ఏ చిన్న డిగ్రీ కళాశాలకైనా ఇది అందే పని. పీడీ ఆ ముగ్గురిలో ఉండకూడదు, సాక్షిగా రావచ్చు.

అమెరికా అనుభవం

అమెరికా కళాశాల ఫుట్‌బాల్ మన కబడ్డీ కంటే వందల రెట్లు పెద్ద వ్యాపారం. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో అత్యధిక జీతం తీసుకునేది చాలాసార్లు ఫుట్‌బాల్ కోచే. అయినా వాదన మాత్రం మన పీడీ గదిలో వినిపించేదే. 1995 సెప్టెంబర్‌లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ ఆటగాడు లారెన్స్ ఫిలిప్స్ మాజీ స్నేహితురాలిపై దాడి చేసి అరెస్టయ్యాడు. ఆమె కూడా అదే విశ్వవిద్యాలయ క్రీడాకారిణి. కోచ్ టామ్ ఒస్బోర్న్ అతడిని సస్పెండ్ చేసి, ఆరు మ్యాచ్‌ల తర్వాత తిరిగి తీసుకున్నాడు. ఆ కుర్రవాడి జీవితాన్ని నిలబెట్టేది ఫుట్‌బాలేనన్నది ఆయన వాదన. 1996 జనవరిలో జాతీయ టైటిల్ ఫైనల్లో ఫిలిప్స్ ఆడాడు, జట్టు 62–24తో గెలిచింది. ఆ తర్వాతి జీవితంలో హింస ఆగలేదు. 2016లో అతడు జైల్లోనే చనిపోయాడు. ఒస్బోర్న్ మనసులో ఏముందో తీర్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ నిర్ణయం మాత్రం ఆయన చేతిలో ఉండవలసింది కాదు.

బేలర్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా లోతైనది. ఫుట్‌బాల్ విభాగం తన ఆటగాళ్లపై వచ్చిన ఫిర్యాదులను విశ్వవిద్యాలయ యంత్రాంగానికి పంపకుండా తానే చూసుకునేదని న్యాయవాద సంస్థ పెప్పర్ హామిల్టన్ పరిశీలనలో తేలింది. 2016 మేలో కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ను తీసేశారు, అధ్యక్షుడు కెన్ స్టార్ పదవి కోల్పోయాడు. తర్వాత ఏం జరిగిందన్నదే ఎక్కువ బాధ కలిగించేది. అమెరికా కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ 2021 ఆగస్టులో తీర్పు ఇస్తూ, లైంగిక హింస ఫిర్యాదులను పై అధికారులకు చెప్పకపోవడం తన క్రీడా నియమాల ఉల్లంఘన కిందికి రాదని, ఆ నేరానికి శిక్ష వేయలేనని చెప్పింది. అదే సంస్థ 1987లో ఆటగాళ్లకు రహస్యంగా డబ్బిచ్చారని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయ జట్టుకు ఒక సీజన్ మొత్తం రద్దు చేసింది. డబ్బు తీసుకోవడంపై అప్పటి నియమాల్లో నిషేధం ఉండేది, మనిషిని హింసించడంపై లేదు.

ఆ లోటును కొంత పూడ్చే ప్రయత్నాలు కింది నుంచి వచ్చాయి. 2015లో ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల కూటమి ఒక నియమం తెచ్చింది. లైంగిక దాడి, గృహ హింస వంటి తీవ్ర తప్పులకు ఒక చోట నుంచి తొలగించిన ఆటగాడిని కూటమిలోని మరో విశ్వవిద్యాలయం చేర్చుకోరాదు. టీసీ ఇచ్చి పంపే మన అలవాటుకు సరైన జవాబు ఇదే. 2017లో ఇండియానా విశ్వవిద్యాలయం ఇదే తరహా నియమాన్ని కొత్తగా చేరే ఆటగాళ్లందరికీ వర్తింపజేసింది. ర్యాగింగ్ విషయంలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2023 జూలైలో కోచ్ పాట్ ఫిట్జెరాల్డ్‌కు మొదట రెండు వారాల సస్పెన్షన్ వేసింది. విద్యార్థి పత్రిక వివరాలు ప్రచురించాక, సస్పెన్షన్ వేసిన మూడు రోజుల్లోనే తొలగించింది. 2025 ఆగస్టులో ఆయనతో రాజీ కుదిరినప్పుడు, ఆటగాళ్లెవరూ ర్యాగింగ్ గురించి ఆయనకు నేరుగా చెప్పినట్టు ఆధారాలు దొరకలేదని విశ్వవిద్యాలయమే ఒప్పుకుంది. పత్రికలో వస్తే ఒక శిక్ష, రాకపోతే ఒక శిక్ష అన్న పద్ధతి నిందితుడికీ అన్యాయమే.

పెద్ద ఆటగాళ్లు, పెద్ద సంఘాలు

కళాశాల పిల్లలు చూసి నేర్చుకునేది పేరున్న ఆటగాళ్ల నుంచే. 2018 జనవరిలో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో కర్ణాటకతో మ్యాచ్ హైదరాబాద్ రెండు పరుగుల తేడాతో ఓడింది. కర్ణాటక స్కోరుకు తర్వాత కలిపిన రెండు పరుగులపై కెప్టెన్ అంబటి రాయుడు అంపైర్లతో తలపడ్డాడు. క్రికెట్ బోర్డు రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది, రాయుడు తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష అనుభవించి మళ్లీ ఆడాడు. 2019లో టీవీ కార్యక్రమంలో మహిళలను కించపరిచిన హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్‌లను బోర్డు మొదట సస్పెండ్ చేసింది. చివరికి అంబుడ్స్‌మన్ చెరి 20 లక్షల రూపాయల జరిమానా వేసి, ఆ డబ్బును అమరులైన జవాన్ల కుటుంబాలకు, అంధుల క్రికెట్‌కు ఇమ్మన్నాడు.

హనుమ విహారి వివాదం మరో వైపు చూపుతుంది. తోటి ఆటగాడిని మందలించినందుకు, రాజకీయ నాయకుడైన అతడి తండ్రి ఒత్తిడి వల్ల తనను ఆంధ్ర రంజీ జట్టు కెప్టెన్సీ వదులుకోమన్నారని విహారి 2024 ఫిబ్రవరిలో ఆరోపించాడు. ఆంధ్ర క్రికెట్ సంఘం మాత్రం ఆయన దురుసు భాషపై ఫిర్యాదులు వచ్చాయని చెప్పింది. ఎవరి మాట నిజమైనా, నిర్ణయం ఎలా జరిగిందో కాగితం మీద అందరికీ కనబడి ఉంటే గొడవ అంత దూరం వెళ్లేది కాదు. క్రిమినల్ కేసు దాకా వెళ్లినవాటిలో ఒలింపిక్ రెజ్లర్ సుశీల్ కుమార్‌ది ముఖ్యం. 2021 మేలో ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో ఒక యువ రెజ్లర్ హత్య కేసులో ఆయన అరెస్టు కాగానే ఉద్యోగం ఇచ్చిన రైల్వే సస్పెండ్ చేసింది.

సూది, సర్టిఫికెట్

హింస లేని తప్పులూ ఉన్నాయి. చదవని వాణ్ణి చదువుతున్నట్టు చూపి ఆడించడం, వయసు తగ్గించి రాయడం, ఆడని పోటీకి సర్టిఫికెట్ పుట్టించడం లాంటివి. వీటిలో కుర్రవాడి వెనుక దాదాపు ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉంటాడు. శిక్ష మాత్రం కుర్రవాడి దగ్గరే ఆగిపోతుంది. కోటా సీటు, కోటా ఉద్యోగం ఉన్నంతకాలం ఈ ఆశ ఉంటుంది కాబట్టి కళాశాల తన జట్టు జాబితాను ఫొటోలతో సహా నోటీసు బోర్డు మీద పెట్టడం ఎంతో మేలు. తరగతిలో పిల్లలకు తెలియని ముఖం ఉంటే వాళ్లే చెబుతారు.

మందుల వాడకం ఇంకా ప్రమాదకరం. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటర్మిన్ సూదిమందును కసరత్తు కోసం అమ్ముతున్నవాళ్లను తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్నారు. అది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందు, గుండెను దెబ్బతీస్తుంది. 2022లో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు పరీక్షాధికారులు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు, మిగతావాళ్లు కనబడలేదు. డోపింగ్‌లో దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం పడవచ్చు. డిగ్రీ కుర్రవాడికి నాలుగేళ్లంటే విశ్వవిద్యాలయ క్రీడా జీవితం మొత్తం. దొరికాక శిక్షించడం కంటే సూది ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం ఇక్కడ మొదటి పని కావాలి.

తిరిగి రావడం

శిక్ష కాలంలో, అది ముగిశాక ఏం చేయాలన్నదాని గురించి మన కళాశాలల్లో సాధారణంగా ఎవరూ రాసి పెట్టరు, ఇది పెద్ద లోటు. ఒక సీజన్ నిలిపివేసిన కుర్రవాడు ఆ ఏడాదంతా ప్రాక్టీసుకు రావచ్చా? జట్టుతో ప్రయాణించవచ్చా? ఆ ఏడాది సర్టిఫికెట్ వస్తుందా? ప్రాక్టీసుకు రానిచ్చి, మ్యాచ్‌కు, ప్రయాణానికి, సర్టిఫికెట్‌కు మాత్రం నిలిపివేయడం మంచి మధ్యేమార్గం. సాయంత్రాలు మైదానంలో ఉంటాడు, పీడీ కళ్లెదుట ఉంటాడు, చేసిన పనికి మూల్యమూ చెల్లిస్తాడు. అయితే బాధితుడూ అదే జట్టులో ఉంటే ఈ వెసులుబాటు ఉండకూడదు. అప్పుడు మైదానం వదలవలసింది తప్పు చేసినవాడు. చాలా చోట్ల జరిగేది దీనికి తలకిందులు. ఫిర్యాదు చేసిన జూనియరే నెమ్మదిగా ప్రాక్టీసు మానేస్తాడు, ఎవరూ ఎందుకని అడగరు.

ఆడపిల్లల జట్లలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. 2016 నుంచి వచ్చిన గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల వల్ల ఈ జిల్లాల నుంచి మైదానానికి వచ్చే అమ్మాయిల సంఖ్య పెరిగింది. ఒక్క చెడ్డ సంఘటన జరిగిందని తెలిస్తే తండాలో తల్లిదండ్రులు ఆ అమ్మాయిని ఆట మాన్పిస్తారు, కొన్నిసార్లు చదువే మాన్పిస్తారు. అబ్బాయికి పడిన శిక్ష ఒక సీజన్, అమ్మాయికి పడినది జీవితకాలం. ఎంక్వైరీ కమిటీ నివేదికలో చివరి పేరాగా ఒక ప్రశ్నకు జవాబు తప్పనిసరిగా రాయించాలి: ఫిర్యాదు చేసినవాళ్లు ఈ రోజున ఆడుతున్నారా, తరగతికి వస్తున్నారా, లేకపోతే వాళ్లను తిరిగి తేవడానికి కళాశాల ఏం చేసింది. ఆ పేరా నింపే బాధ్యత ప్రిన్సిపాల్‌ది. దాని ప్రతి విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికీ చేరాలి. తర్వాతి సెలక్షన్స్‌లో ఆ కుర్రవాడి పేరు వచ్చినప్పుడు ఎంపిక చేసేవాళ్ల బల్లమీద ఆ కాగితం ఉండాలి.